సొంత గొర్రె లేని మంద

మా వైపు గొర్రెల కాపరులకు ఒక పద్ధతి ఉంది. రెండు మూడు గొర్రెలే ఉన్న ఇళ్ళవాళ్ళు వాటిని విడిగా మేపుకోలేక పెద్ద మంద ఉన్నవాడికి అప్పజెబుతారు. అప్పజెప్పే ముందు అతను మంచివాడా కాదా అని ఎవరినీ విచారించరు. ఆ మందలో అతని సొంత గొర్రెలు ఉన్నాయా లేవా అన్నదొక్కటే చూస్తారు. ఉంటే నక్క వచ్చినా దొంగ వచ్చినా అతను లేస్తాడు. లేకపోతే లేస్తాడో లేదో ఎవరికి తెలుసు? అందుకే కాపరి తన గొర్రెల్ని అమ్ముకున్నాడని తెలిస్తే చాలు, మరునాటికల్లా ఊళ్ళోవాళ్ళు తమవి తోలుకుపోతారు. తిట్టరు, కోప్పడరు. తోలుకుపోతారు, అంతే.

మా అక్క ఆంజినమ్మ ఈ పద్ధతిని ఆడపిల్లల కబడ్డీకి తెచ్చిపెట్టింది.

అక్క పోయి ఏడాది కావస్తోంది. ఆమె మాట వస్తే ఊళ్ళో అందరూ బస్టాపు దగ్గరి ఉగ్గాని బండి గురించే చెబుతారు. తడిపిన బొరుగుల్ని తాళింపులో ఆమె తిప్పే తీరు, పక్కన పెట్టే మిరపకాయ బజ్జీ, అరువడిగినవాళ్ళకు తగిలే చురకలు. నాకు మాత్రం జిల్లా పోటీల ముందరి ఆ కొద్దిరోజులే కళ్ళ ముందుకొస్తాయి. ఆమె కూతురు హరిత ఈమధ్య, "రాయి మామా, ఇప్పుడు ఎవురేమనుకుంటే నాకేం," అంది. అందుకే రాస్తున్నాను.

మా ఊరు మడకశిర దాటాక, కన్నడం సగం తెలుగు సగం వినబడే చోట ఉంది. ఊరి హైస్కూలుకు నాగేశ్వర సారు వ్యాయామ టీచరుగా వచ్చాక ఆడపిల్లలకు కబడ్డీ నేర్పాడు. ఊళ్ళో ఆడినంత కాలం ఎవరికీ అభ్యంతరం లేదు. బయటి ఊళ్ళకు పోయి ఆడాలనేసరికి తండ్రులు అడ్డం తిరిగారు. సారు వయసులో ఉన్న మగవాడు, పిల్లలు ఏడో తరగతి. అప్పుడు అక్క బండి కట్టేసి ఇంటింటికీ తిరిగింది. పిల్లల వెంట తాను పోతానంది. ముఖ్యంగా తిప్పేస్వామి ఇంటి ముందు చాలాసేపు కూర్చుంది. తిప్పేస్వామి ఊళ్ళో గట్టి మనిషి. బోరున్న రైతు. అతని కూతురు సువర్ణ వస్తే మిగతా తండ్రులు నోరెత్తరు. ఆ రోజు అక్క అతనితో అన్న మాట తర్వాత ఊరంతా చెప్పుకున్నారు.

"నా గొర్రె కూడా ఆ మందలోనే ఉంటాది కదన్నా. ఇంక నీకేం భయం?"

తిప్పేస్వామి నవ్వి, కూతురివైపు చూసి, "ఏమే, నువ్వు గొర్రెవంట," అన్నాడు. పంపాడు. ఆ తర్వాత రెండేళ్ళు అక్క ప్రతి ఆటకూ వెంట పోయింది. చీర కొంగు బిగించి, చేతిలో నీళ్ళ క్యాను పట్టుకుని, బస్సులో పిల్లల్ని కిటికీల వైపు కూర్చోబెట్టి తాను బయటి వైపు కూర్చునేది.

ఆ యేడు వానలు శెనక్కాయ పూతకొచ్చే వేళకే నిలిచిపోయాయి. బావ ముత్యాలప్ప మందను తోలుకుని మేత కోసం కాలవ కింది పొలాలకు పోయాడు. మా పిల్లలు మండలంలో గెలిచి జిల్లా పోటీలకు ఎక్కారు. ఊళ్ళో ఎన్నడూ లేనిది. సరిగ్గా అప్పుడే హరిత ఒకరోజు పొద్దున ఎర్రగడ్డలు తరుగుతూ, తల ఎత్తకుండా, తానింక ఆడనని చెప్పింది.

అక్క మొదట పట్టించుకోలేదు. తర్వాత కోప్పడింది. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. కాలు నొస్తోందా, సువర్ణతో గొడవైందా, ఎవడైనా ఏమైనా అన్నాడా. చివరిది అడిగేటప్పుడు గరిట పక్కన పెట్టి, పిల్ల గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి అడిగింది. అదేం లేదంది హరిత. మరేమిటంటే మిగిలిన ఎర్రగడ్డలన్నీ తరిగింది. చెప్పినప్పుడు గొంతు చాలా తగ్గించింది.

"కూతకి పోయేటప్పుడు ఏం లేదు మా. పట్టుకొని అందరూ మీద పడ్తారు చూడు, అప్పుడు నాకు ఊపిరి రాదు. చచ్చిపోతాననిపిస్తాది. మండలం ఆటలో అట్లే అయింది. అప్పట్నుంచీ రోజూ."

ఎవరికీ చెప్పనని అక్క చేత తన తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. కబడ్డీ ఆడే పిల్లకు పట్టుకుంటే భయమని తెలిస్తే బడంతా నవ్వుతుందని ఆమె బాధ. అక్క ఒట్టైతే వేసింది గాని మానెయ్యమని అనలేదు. జిల్లా ఒక్కటి ఆడి మానెయ్యమంది. ఇన్నాళ్ళు ఆడినదానికి ఇంకో రెండాటలు ఏమవుతాయంది. బావకు ఫోన్ చేస్తే ఆయనదీ అదే మాట. కాలవ కింద కనబడ్డవాళ్ళందరికీ నా కూతురు జిల్లాకు పోతోందని చెప్పుకున్నాడాయన. కారణం అక్క ఆయనకూ చెప్పలేదు. ఒట్టు ఒట్టే.

మరునాడు సాయంత్రం బడి గోడ పక్క సందులో నిలబడి అక్క పిల్లల ఆట చూసింది. నేను మడకశిర గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. ఆ రోజు ఊరికి వచ్చి ఉన్నందున ఆమె వెంట పోయాను. నాకు అప్పటికి ఏమీ తెలియదు. హరిత కూతకు పోయింది. పోయేటప్పుడు ఎప్పటిలాగే చురుగ్గా ఉంది. సువర్ణ మడమ పట్టుకుంది, ఇంకొకతె నడుం పట్టుకుంది, మిగతావాళ్ళు కుప్పగా పడ్డారు. ఎర్రటి దుమ్ము లేచింది. ఈల ఊదగానే పిల్లలు నవ్వుతూ ఒక్కొక్కరే లేచారు. హరిత లేవలేదు. బోర్లా పడి, నోరు తెరుచుకుని, అరచేతులతో నేలను నొక్కుతూ ఉంది. తర్వాత లేచి, దుమ్ము దులుపుకున్నట్టు నటించి, కొళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది. కడుక్కుంటూ చాలాసేపు అక్కడే నిలబడింది.

ఇంటికి పోయే దారిలో అక్క, "అది ఇంక ఆడదురా," అంది. సొంతంగా నిర్ణయం చేసుకున్నాక ఆమె గొంతు అలాగే ఉండేది, బజ్జీలు అయిపోయాయని చెప్పినట్టు.

కాని హరిత ఆడకపోతే ఆగేది ఆమె ఒక్కతే కాదు. జట్టులో ఉన్నది మొత్తం ఎనిమిది మంది. ఏడుగురు ఆడాలి. తండ్రులు పంపితే ఆట జరుగుతుంది, లేకపోతే లేదు. వాళ్ళు పంపుతున్నదే అక్క గొర్రె మందలో ఉందని.

ముందు నాగేశ్వర సారుకు, హరిత ఆడదని మాత్రం చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. ఆటగత్తె పోతోందని కాదు. హఠాత్తుగా ఒక ఆడపిల్ల ఆట మానేసిందంటే ఊళ్ళో మొదట ఎవరి పేరు వస్తుందో ఆయనకు తెలుసు. మోకాలు బెణికిందని చెబుదాం, పుత్తూరు కట్టు లాంటిదేదో కట్టుకుని నాలుగు రోజులు కుంటమందాం అని బతిమాలాడు. అక్కకు ఆ మాట కొంచెం నచ్చింది కూడా. హరితే ఒప్పుకోలేదు. కుంటుతూ బడికి పోవడం తన వల్ల కాదంది.

హరిత ఆట మానేసిందని పొక్కగానే ఆయన భయపడినట్టే అయింది. బండి దగ్గర ఉగ్గాని తింటున్న ఒకడు, సారు ఏమైనా చెయ్యి వేశాడా అని నవ్వుతూ అడిగాడు. అక్క అతని చేతిలోని ప్లేటు లాక్కుని బకెట్లో పడేసింది. "ఇంగోసారి ఆ సారు మాటెత్తినావంటే నూనె మూతిమీద పోస్తా," అంది. దాంతో ఊరికి అనుమానం తగ్గకపోగా పెరిగింది. ఆమెకు అంత కోపం ఎందుకొచ్చిందని మాట్లాడుకున్నారు.

అక్క కూతురి చెయ్యి పట్టుకుని తిప్పేస్వామి ఇంటికి బయల్దేరింది. పిల్ల ఎందుకని నేనంటే, పిల్లను చూడకపోతే వాళ్ళు ఏదేదో అనుకుంటారంది. తిప్పేస్వామి వాకిట్లో డ్రిప్పు పైపు రంధ్రాల్ని ముల్లుతో శుభ్రం చేస్తున్నాడు. సువర్ణ గడప మీద కూర్చుంది. అక్క విషయం సూటిగా చెప్పింది. హరిత ఆడదు, నేను మాత్రం ఎప్పటిలాగే పిల్లల వెంట వస్తాను, నువ్వు సువర్ణను పంపు.

అతను పైపు కింద పెట్టలేదు.

"యేమమ్మా, నువ్వే కదా చెప్పింది. నీ గొర్రె ఉంటాది, మా గొర్రెల్ని తోలమని. ఇప్పుడు నీదాన్ని ఇంట్లో కట్టేసుకొని మావాటిని తోలుకుపోతానంటాండావు."

"నేనొస్తాండా కదన్నా."

"నువ్వొచ్చేది కాదు. నీ బిడ్డ యాల రాదో అది చెప్పు."

"చెప్పలేను."

"చెప్పలేనంటే ఏదో ఉండాదని కదా."

రెండేళ్ళ కింద అదే వాకిట్లో అంత తేలిగ్గా అన్న మాట ఇప్పుడు అక్క నోటికే అడ్డం పడింది. సువర్ణ గడప మీదినుంచి లేచి లోపలికి పోయింది. లోపల ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది. పడిందో, పడేసిందో.

అప్పుడు హరిత తిప్పేస్వామితో అంది. "నేనూ వస్తా మామా. ఆడను. ఊరికే వచ్చి కూర్చుంటా."

తిప్పేస్వామి ఆమెను తలనుంచి కాళ్ళదాకా చూశాడు. కాళ్ళు బాగానే ఉన్నాయి. "వస్తే చాలు. ఆడేది ఆడకపోయేది మీ ఇష్టం," అన్నాడు.

అలా ఒప్పుకున్నాడు గాని దారిలో అక్క నడక చూస్తే నాకు తెలిసింది, ఆమెకు ఊరట లేదని. కోర్టు పక్కన కూర్చున్న పిల్లను ఆడమని అడగకుండా ఎవరుంటారు? ఓడిపోతుంటే సారు అడుగుతాడు, పిల్లలు అడుగుతారు. పోటీలకు పంపిన పేర్ల కాగితంలో హరిత పేరు ఉండనే ఉంది. ఇంటికొచ్చాక ఆమె కూతురితో, ఆట బట్టలు తెచ్చుకోవద్దనీ, ఎవరేం చెప్పినా నేనున్నాననీ మాత్రం చెప్పింది.

పోటీలకు నేనూ మగతోడుగా వెళ్ళాను. అనంతపురంలో బడి మైదానం, మట్టి కోర్టు. పొద్దున మొదటి ఆట మా పిల్లలు గెలిచారు. సువర్ణ ఒక్కతే సగం పాయింట్లు తెచ్చింది. హరిత చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, చేతులు మోకాళ్ళ చుట్టూ కట్టుకుని, అక్కను ఆనుకుని కూర్చుంది. గెలిచినప్పుడు చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది.

మధ్యాహ్నం రెండో ఆట బుక్కరాయసముద్రం పిల్లలతో. గెలిస్తే ఫైనలు. వాళ్ళు పొడుగైన పిల్లలు, బాగా నేర్చినవాళ్ళు. అయినా మావాళ్ళు వదల్లేదు. రెండో సగం చివరికి వచ్చేసరికి మావాళ్ళు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. అప్పుడు సువార్త అనే పిల్ల గీత అందుకోబోయి పాదం మడతపడి కూలబడింది. లేవబోతే లేవలేకపోయింది. ఆమెను నేను, సారు మోసుకొచ్చి పక్కన పడుకోబెట్టాం. కోర్టులో ఆరుగురు మిగిలారు. రెఫరీ వాచీ చూసుకుంటూ, ఇంకెవరైనా ఉన్నారా అని సారును అడిగాడు.

సారు అక్కవైపు రాలేదు. సంచి తెరిచి అందులోంచి ఒక బనీను తీసి, దాన్ని చేతిలో పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. కోర్టులోంచి సువర్ణ పిలిచింది.

"రావే. ఒక్క కూతకి రా చాలు."

హరిత లేచింది. నేను చూస్తూనే ఉన్నాను, సారు ఇవ్వలేదు, తానే పోయి ఆ బనీను ఆయన చేతిలోంచి తీసుకుంది. వెనక్కి వచ్చి అక్క ముందు నిలబడి, "నేను పోతా మా," అంది.

అక్క ఆమె ముఖంలోకి చూసింది. అందరూ అక్కను చూస్తున్నారు. పిల్ల తానుగా అడుగుతోంది. జట్టు ఓడిపోతోంది. వద్దనడానికి ఎవరికీ చెప్పదగ్గ కారణం లేదు. ఒక్క తల ఊపు చాలు. హరిత పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. ఒక్క అడుగు కూడా పరిగెత్తని పిల్ల నోటితో ఊపిరి తీస్తోంది. బనీను పట్టుకున్న చేతివేళ్ళు దాన్ని పిండుతున్నాయి.

అక్క చెయ్యి చాచి ఆ బనీను లాక్కుంది. కింద వేసుకుని దానిమీద కూర్చుంది.

"నేను పంపను సార్. నా బిడ్డని నేనే పంపను. మీరు ఆడించుకోండి," అంది, మైదానం అవతలికి వినబడేటట్టు.

"నేను పోతానంటాంటే!" అంది హరిత.

"అంటావు. కూర్చో."

రెఫరీ ఈల ఊదాడు. ఆరుగురు ఆడారు. చివరి కూతకు సువర్ణ పోయింది. గీతకు జానెడు దూరంలో పట్టుబడింది. అటువైపువాళ్ళందరూ ఆమెమీద పడ్డారు. లేచేసరికి పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఆట అయిపోయింది. సువర్ణ రక్తం తుడుచుకోకుండా మొదట హరితను, తర్వాత అక్కను చూసి, పోయి నీళ్ళ క్యాను దగ్గర వీపు తిప్పి నిలబడింది.

తిరుగు బస్సులో అక్క ఎప్పటిలాగే పిల్లల్ని కిటికీల వైపు కూర్చోబెట్టింది. కూర్చున్నారు గాని ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. సువార్త కాలుకు గుడ్డ చుట్టి తన ఒళ్ళో పెట్టుకుంది అక్క. హరిత వెనక సీట్లో ఒంటరిగా ఉంది. తల్లి మీద కోపంగా ఉన్నట్టే కనబడింది. ఉన్నదో లేదో నేనిప్పటికీ అడగలేదు. పెనుకొండ దాటాక అక్క నావైపు వంగి, నాకొక్కడికే వినబడేటట్టు, "పంపింటే ఆడిండునేమో కదరా," అంది. అప్పుడు కూడా నాకు కారణం తెలియదు.

పొద్దు గూకే వేళకు ఊరు చేరాం. తండ్రులు బస్టాపు దగ్గర కాచుకుని ఉన్నారు. ఓడిపోయిన సంగతి ఫోన్లో ముందే చేరింది. ఎలా ఓడిపోయిందీ చేరింది. సువర్ణ బస్సు దిగగానే తిప్పేస్వామి ఆమె పెదవి చూశాడు. సంచి అందుకుని అక్క ముందుకొచ్చాడు. గట్టిగా ఏమీ అరవలేదు.

"నీ బిడ్డ ఒంటికి మట్టి అంటగూడదు. మా బిడ్డల మూతులు పగిలినా పర్వాల్యా. అంతేనా?"

మిగతా తండ్రులు దగ్గరికి జరిగారు. సారు బస్సు మెట్టు మీదే ఆగిపోయాడు.

"అంతే అనుకో అన్నా," అంది అక్క. "బిడ్డల్ని తోలుకపోతి, తోలుకొస్తి. ఇంగ నువ్వేమనుకున్నా నేను పడతా."

"పడ్తే చాలదు. చెప్పల్ల."

అక్క సువార్తను ఆమె తల్లికి అప్పజెబుతూ, కాలు కింద పెట్టనివ్వద్దని చెప్పింది. తిప్పేస్వామి దారికి అడ్డంగానే నిలబడ్డాడు.

"నాకు భయం మామా," అంది హరిత వెనకనుంచి.

అక్క గిరుక్కున తిరిగింది. "నిన్నెవురు అడిగినారే, నోరు ముయ్యి," అంది. హరిత ముయ్యలేదు.

"అందరూ మీద పడ్తే నాకు ఊపిరాడదు. చచ్చిపోతాననిపిస్తాది. యెవురికీ చెప్పొద్దని అమ్మ చేత నేనే ఒట్టు పెట్టించుకున్యా. సారుదేం లేదు. అమ్మదీ ఏం లేదు."

నవ్వుతారని కదా ఆమె అన్నాళ్ళూ దాచింది. ఎవరూ నవ్వలేదు. ఎవరో దగ్గి ఊరుకున్నారు. తిప్పేస్వామి నోరు తెరిచి ఏదో అనబోతుండగా సువర్ణ మాట్లాడింది. జాలిగా కాదు, మండిపడుతూ.

"నాకు మాత్రం లేదా భయం? ఇప్పుడు నామీద పడినారు, చూడ్లేదా నువ్వు? నేను ఆడతాండ్లేదా?"

హరిత తల దించుకుంది. కాని తిప్పేస్వామి ఇప్పుడు హరితను చూడటం లేదు, తన కూతుర్ని చూస్తున్నాడు.

"ఏమే, నీకూనా?"

"ఊ."

"యెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగినావు?"

అతను సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చివరికి, "అయితే నువ్వూ మానేస్తావా?" అన్నాడు. అది బెదిరింపు కాదు. నిజంగానే అడిగాడు.

సువర్ణ పెదవి మీద వేలు పెట్టి రక్తం చూసుకుంది. "లేదు. ఆడతా," అంది.

ఆ తర్వాత అందరూ చీకటి పడకముందే ఇళ్ళకు పోయారు. సువర్ణ, హరిత మళ్ళీ మునుపటిలా కలిసి తిరగలేదు. ఒక తండ్రి తన కూతుర్ని ఆటే మాన్పించాడు. భయమనే మాట విన్నాక తనకూ భయమేసిందన్నాడు. ఉగ్గాని తినేవాళ్ళు కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ వచ్చారు. కాలవ కిందినుంచి మందతో వచ్చిన బావ హరితతో రెండు రోజులు మాట్లాడక, మూడో రోజు తానే ఆమెను గొర్రెలకు నీళ్ళు పెట్టడానికి పిలిచాడు.

మరుసటి యేడు పోటీలు మళ్ళీ వచ్చాయి. మందలో అక్కకు సొంత గొర్రె లేదు. అయినా బండి కూతురికి అప్పజెప్పి, నీళ్ళ క్యాను చేత్తో పట్టుకుని తిప్పేస్వామి వాకిట్లో పోయి నిలబడింది. పంపమని అడగలేదు. అడగడానికి పాత మాట పనికిరాదు, కొత్త మాట ఆమెకు దొరకలేదు. అతను ఆమెను చూసి లోపలికి పోయాడు. చాలాసేపు రాలేదు. ఆమె తిరిగి పోదామనుకుంటుండగా సంచితో సువర్ణ బయటికొచ్చింది. వెనకే అతను వచ్చాడు.

"ఆడే ముందు ఒకసారి అడగమ్మా దాన్ని," అన్నాడు. "నేనడిగితే చెప్పదు."